లాగితే ఏమవుతుంది?

*యుద్ధంలో పుట్టి, పొలాల్లో తిరిగి, మన షెడ్లలో ముసలితనం గడుపుతున్న జీపు. దాని డ్యాష్‌బోర్డు మీద పేరు చెరిగిపోయిన మీటల కథ*

విజయవాడ ఆటోనగర్‌లో సాయంత్రం అయిదు దాటింది. ఒక పక్క లేత్ మిషన్ రొద, ఇంకో పక్క వెల్డింగు నిప్పురవ్వలు. రేకుల షెడ్డు ముందు సగం రంగు గీకేసిన జీపు నిలబడి ఉంది. ఎడమచేతి స్టీరింగు. బానెట్ మీద గీకినచోట మూడు పొరలు కనిపిస్తున్నాయి. పైన నీలం, దాని కింద ఎరుపు, అన్నిటికీ అడుగున మిలటరీ ఆకుపచ్చ. స్టీరింగు ముందు కూర్చున్న కుర్రాడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బండి తాతగారిది. ఆయన పోయాక గొడ్లచావిట్లో గడ్డిమోపుల కింద పదిహేనేళ్లు పడి ఉంది.

కుర్రాడు డ్యాష్‌బోర్డు మీది నల్లటి నాబ్ ఒకటి పట్టుకుని లాగుతున్నాడు. అరంగుళం వస్తుంది, ఆగిపోతుంది. మళ్లీ లాగుతాడు, మళ్లీ అంతే.

"జామైపోయింది సార్. పట్టుకారు వేసి లాగేద్దాం" అన్నాడు మేస్త్రి.

ఎదురుగా టీకొట్టు బల్ల మీంచి గొంతు వినిపించింది. "ఒరేయ్ అబ్బాయ్, పట్టుకారు అవతల పెట్టు!" గ్లాసు బల్ల మీద పెట్టి, లుంగీ ఎగ్గట్టుకుంటూ పెద్దాయన ఒకరు రోడ్డు దాటి వచ్చారు. మిలటరీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. జీపులోకి తొంగిచూడలేదు. బయటే నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి, నాబ్ పక్కన తడిమారు. అక్కడ కందిగింజంత బుడిపె ఒకటుంది. మేమెవ్వరం చూడలేదు. బొటనవేలితో దాన్ని నొక్కిపట్టి, నాబ్‌ని రెండు వేళ్లతో లాగారు. టక్కుమని ఇంకో మెట్టు బయటికి వచ్చింది.

"జామ్ కాలేదు బాబూ. గడియ పెట్టి ఉంది, అంతే."

"లైటు స్విచ్చికి గడియ ఎందుకు తాతగారూ?"

"రాత్రిపూట పొరపాటున హెడ్‌లైట్ వెలిగిందనుకో, పైనుంచి బాంబు పడుద్ది. అందుకని."

లేత్ మిషన్ ఆగినట్టనిపించింది నాకు. అది ఆగలేదు. మేమే కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడెందుకు ఈ గొడవ?

కార్ల లోకంలో మీటల మీద మళ్లీ చర్చ మొదలైంది. కొత్త కారు కొన్నవాళ్లని అడగండి. ఏసీ తగ్గించాలంటే టీవీలాంటి తెర మీద వేలు పెట్టి, ఒక మెనూలోంచి ఇంకో మెనూలోకి పోవాలి. ఈలోగా ముందు గేదె అడ్డం వస్తుంది. యూరప్‌లో కార్ల భద్రతకి నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి కొత్త నియమం పెట్టింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర ఫోన్ అనే అయిదు పనులకీ చేతికి తగిలే మీటలుండాలి. లేకపోతే మార్కులు తగ్గుతాయి. కొన్ని పెద్ద కంపెనీలు తెరలు తగ్గించి బటన్లు తిరిగి తెస్తామని ఇప్పటికే ఒప్పుకున్నాయి.

ఇంకోవైపు మన దేశంలో 2021లో పాత బండ్లకి కొత్త గుర్తింపు దొరికింది. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. దాంతో చావిళ్లలో, మామిడి తోటల్లో, పాత బంగళాల పోర్టికోల్లో దుమ్ము కొట్టుకుపోయిన జీపులు ఒక్కొక్కటే షెడ్లకు చేరుతున్నాయి. బండి చేరుతోంది, దాన్ని నడిపిన మనిషి మాత్రం వెంట రావడం లేదు. అక్కడే చిక్కొచ్చింది. ఇంజను సంగతి మేస్త్రికి తెలుసు, రంగు సంగతి పెయింటరుకి తెలుసు. "ఈ మీట దేనికి?" అని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

> వీఏ నంబరు ప్లేటు
>
> మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు, జీపులు దీనికి అర్హమైనవి. కొత్తగా నమోదుకు రూ.20,000, గడువు తీరాక పునరుద్ధరణకు రూ.5,000. ఒకసారి ఇస్తే పదేళ్లు చెల్లుతుంది. రాష్ట్ర సంకేతం తర్వాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు కోసమో, మరమ్మతుకో రోడ్డెక్కించవచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలన్నది ముఖ్యమైన షరతు. డీజిల్ ఇంజను ఎక్కించిన జీపుల యజమానులు చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

డిస్పోజల్స్‌లో దొరికిన చుట్టం

జీపుకి తల్లిదండ్రుల లెక్క కొంచెం చిక్కుగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తమ దాకా ముంచుకొస్తోందని 1940లో అమెరికా సైన్యం ఒక తేలికపాటి బండి కావాలని అడిగింది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందాలి, తయారు చేసి చూపించడానికి గడువు 49 రోజులే. పెన్సిల్వేనియాలో మూతపడబోతున్న బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు చేత రెండు రోజుల్లో నక్షలు గీయించి, సెప్టెంబరు 23న బండిని అప్పజెప్పింది. అయితే లక్షల లెక్కన చేసిచ్చే స్తోమత దానికి లేదు. పెద్ద కాంట్రాక్టు విల్లిస్ కంపెనీకీ, ఆ వెనకే ఫోర్డుకీ పోయింది. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిసి సుమారు 6.4 లక్షల జీపులు చేశారు. ఫోర్డు వారి పట్టుదల ఎంతటిదంటే, తాము చేసిన చాలా భాగాల మీద, ఆఖరికి బోల్టు తలల మీద కూడా తమ పేరులోని 'ఎఫ్' అక్షరం పోతపోశారు. అందుకే ఇవాళ జీపు పిచ్చోళ్లు భూతద్దం పెట్టి బోల్టులు చూసుకుంటారు.

వాటిలో కొన్ని అస్సాం, బర్మా సరిహద్దులో దిగాయి. యుద్ధం అయ్యాక వెనక్కి తీసుకుపోవడం దండగ అనుకుని డిస్పోజల్స్ కింద వేలం వేశారు. జమీందార్లు, కాంట్రాక్టర్లు, పొగాకు వ్యాపారులు కొనుక్కున్నారు. మన కుర్రాడి తాతగారి చేతికి బండి అలా నాలుగు చేతులు మారి వచ్చింది.

ఆ తర్వాత కథ మనందరికీ తెలిసిన జీపుది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలైన కంపెనీ, దేశ విభజన తర్వాత మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ మహమ్మద్, అంటే మాలిక్ గులాం మహమ్మద్, పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ మిగిలిన మహీంద్రా సోదరులు విల్లిస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఎత్తైన బానెట్ ఉన్న సీజే-3బి మోడల్‌ని అమెరికా 1968లో ఆపేసినా, మనం దశాబ్దాల తరబడి చేస్తూనే ఉన్నాం. తహసీల్దారు వచ్చినా, ఎస్సై వచ్చినా, పోలింగు పెట్టె వచ్చినా ఊళ్లోకి వచ్చింది అదే. తెలుగులో 'జీపు' అనే మాటకి కంపెనీతో సంబంధం తెగిపోయింది కూడా అందుకే.

చీకట్లో దారి, శత్రువుకి కనపడకుండా

ఆ నల్ల నాబ్ సంగతికి వద్దాం. యుద్ధకాలపు విల్లిస్ జీపులో లైట్ల స్విచ్ లాగుడు రకం. మొదటి మెట్టు లాగితే హెడ్‌లైట్లు వెలగవు. జాలీ వెనక ఉన్న చిన్న గుడ్డి దీపాలు రెండు, వెనకవైపు గుడ్డి ఎర్రదీపాలు మాత్రమే వెలుగుతాయి. వాటిని బ్లాకౌట్ లైట్లంటారు. విమానంలోంచి చూసేవాడికి కనపడకూడదు, ఎదురొచ్చే సొంత బండికి కనపడాలి. బుడిపె నొక్కితేగానీ రెండో మెట్టు రాదు. అప్పుడుగానీ అసలు హెడ్‌లైట్లు వెలగవు. నిద్రమత్తులో, కంగారులో, చేతికి తొడుగులేసుకుని ఉన్నప్పుడు చెయ్యి జారినా ప్రమాదం జరక్కుండా పెట్టిన గడియ అది. పగలు నడిపేటప్పుడు బ్రేకు లైటు ఒక్కటే పనిచేయడానికి మూడో మెట్టు ఉంది.

"వెనక దీపం చూశారా?" అన్నారు పెద్దాయన. ఎడమవైపు దీపపు డబ్బా ఒక్కటే మిగిలింది. అందులో కింది సగంలో వేలిగోరంత ఎర్రటి కిటికీలు జంటలు జంటలుగా ఉన్నాయి. మేస్త్రి అప్పటిదాకా అవి తుప్పు పట్టి పడిన చిల్లులనుకున్నాడు.

అది వంద ఉపన్యాసాలకి దీటైన పనితనం. కాన్వాయ్‌లో చీకట్లో వెళ్లే డ్రైవరుకి ముందు బండి ఎంత దూరంలో ఉందో చెప్పేవాళ్లుండరు. ఆ కిటికీలే చెబుతాయి. సుమారు అరవై అడుగుల లోపలికి వస్తే నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి, అంటే మరీ దగ్గరికి వచ్చావని. అరవై దాటి నూట ఎనభై అడుగుల దాకా జంటలు కలిసిపోయి రెండే కనిపిస్తాయి, అంటే సరిగ్గా ఉన్నావని. ఇంకా వెనకబడితే అన్నీ కలిసి ఒక్క చుక్కవుతాయి. వేగం పెంచు అని దానర్థం. మీటరు లేదు, అక్షరం లేదు. మనిషి కంటికున్న పరిమితినే కొలబద్ద చేశారు.

బ్రిటిష్ సైన్యం తన ల్యాండ్ రోవర్లకి ఇదే పనిని ఇంకో దారిలో చేసింది. వెనక ఇరుసు మీది గుండ్రటి డిఫరెన్షియల్‌కి తెల్ల రంగు వేసి, దాని మీద మాత్రమే పడేలా బండి కింద చిన్న దీపం పెట్టింది. వెనక డ్రైవరు ఆ తెల్ల గుండుని చూసుకుంటూ రావాలి. సైన్యం ల్యాండ్ రోవర్ కొన్నవాళ్లు డ్యాష్‌బోర్డు మీద నాలుగైదు మెట్లు తిరిగే స్విచ్ చూసి బిత్తరపోయేది ఈ కాన్వాయ్ దీపం వల్లే. అది వెలిగిందో లేదో సీట్లో కూర్చుంటే తెలియదు. దిగి, నేల మీద పడుకుని చూడాలి.

ఇంకొకటి. మన జీపు హెడ్‌లైట్ వెనక రెక్కల మర ఒకటుంటుంది. అది తిప్పితే హెడ్‌లైటు మొత్తం పైకి లేచి వెనక్కి తిరిగి, బానెట్ కింద ఇంజను మీద వెలుగు పడుతుంది. అడవిలో రాత్రి బండి ఆగిపోతే టార్చిలైటు అక్కర్లేదు. ఇది చెప్పగానే షెడ్డులోని క్లీనర్ కుర్రాళ్లిద్దరూ ఆ మర తిప్పడానికి పోటీ పడ్డారు.

కాళ్ల కింద కూడా డ్యాష్‌బోర్డే

కుర్రాడికి ఇంకో అనుమానం. తాళంచెవి దూరే కన్నం ఎక్కడ? యుద్ధం మొదట్లో వచ్చిన జీపులకి తాళంచెవి ఉండేది. కానీ సైన్యం బండ్లన్నిటికీ ఒకే నంబరు చెవి. ఏ చెవితో ఏ బండైనా కదిలేది. అలాంటప్పుడు తాళం ఎందుకని, తర్వాత చెవే తీసేసి మామూలు మీట పెట్టారు. ఆ మీట తిప్పితే ఇంజనుకి కరెంటు అందుతుంది. అంతే, ఇంజను కదలదు. సెల్ఫ్ కాలికింద ఉంటుంది. ఇనప గుండీని పాదంతో తొక్కాలి. మన పాత జీపుల్లో, లారీల్లో ఇది చాలా ఏళ్లు ఉండేది. కొత్త తరం వాళ్లు దాన్ని చూసి, ఏ బోల్టు తలో పైకి లేచిందనుకుంటారు.

క్లచ్ పక్కన ఎడమకాలికి తగిలే రెండో గుండీ డిప్పర్. హెడ్‌లైటు పైకీ కిందికీ మార్చేది. చేతులు స్టీరింగు మీదా గేరు మీదా ఉంటే కాళ్లెందుకు ఖాళీగా ఉండాలన్నది ఆనాటి ఆలోచన. కాలు బురదగా ఉంటే ఆ గుండీలో బురద చేరి అది పట్టేస్తుంది. వర్షాకాలంలో లైటు కిందికి దిగనన్న జీపులన్నీ అలాంటివే.

గేరు రాడ్ పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లు. ఒకటి ముందు చక్రాలకి బలం అందించడానికి, ఇంకోటి వేగం తగ్గించి లాగుడు పెంచడానికి. ముందు చక్రాలు కలపకుండా రెండోది దిగదు. దిగకుండా లోపలే అడ్డు పెట్టారు. ఎందుకంటే అంత లాగుడు ఒక్క వెనక ఇరుసు మీద పడితే అది విరిగిపోవచ్చు. ఈ సంగతి తెలియక రాడ్డుని సుత్తితో కొట్టినవాళ్లున్నారు. ఆ రాడ్ల బొమ్మ, ఏ గేరులో ఎంత వేగం మించకూడదో రాసిన లెక్క, అన్నీ డ్యాష్‌బోర్డు అర మూత మీద రేకు పలకల మీద చెక్కి ఉంటాయి. మన జీపుకీ ఉన్నాయి. నీలం, ఎరుపు పొరల కింద. పెద్దాయన గోటితో గీకితే ఒక అంకె మూల బయటపడింది.

అలాగని తారు రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. మట్టి మీదైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఇరుసులు మెలితిరిగి, రాడ్ వెనక్కి రాకుండా బిగుసుకుంటుంది. "ఇరుక్కుపోయింది సార్" అని షెడ్డుకి తెచ్చే జీపుల్లో సగానికి మందు ఒకటే. నాలుగు గజాలు వెనక్కి నడపాలి.

లాగితే మొదలయ్యేదీ, లాగితే ఆగేదీ

డ్యాష్‌బోర్డు మీద ఒకేలాంటి నాబ్‌లు ఇంకో రెండున్నాయి. ఒకటి చోక్. చలికాలం పొద్దున ఇంజనుకి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ తాగించేది. రెండోది చేతి ఎక్సలేటర్. దీన్ని చూసి ఈ తరం వాళ్లు మురిసిపోతారు, అప్పట్లోనే క్రూయిజ్ కంట్రోల్ ఉందా అని. లేదు. బ్రేకు తొక్కితే అది తనంతట తాను వెనక్కి పోదు. హైవే మీద దాన్ని లాగిపెట్టి కాలు తీసేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మరి దేనికి? బండి కదలకుండా నిలబడి పనిచేయడానికి. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లిస్ కంపెనీ సీజే-2ఏ పేరుతో రైతుల కోసం జీపు తెచ్చింది. పగలు నాగలి లాగు, మధ్యాహ్నం రంపపు మిషన్ తిప్పు, సాయంత్రం సంతకి పో అన్నది ప్రచారం. వెనక పుల్లీ పెట్టి, బెల్టు తగిలించి, చేతి ఎక్సలేటర్‌తో ఇంజను వేగం ఒకచోట కట్టేస్తే గంటల తరబడి అదే ఊపులో తిరుగుతుంది. కుర్రాడు ఇది వినగానే తల పట్టుకున్నాడు. "మా తాత దీన్ని బావి దగ్గర పెట్టి నీళ్లు తోడేవాడని నాయనమ్మ చెప్పేది. నేను అబద్ధమనుకున్నా."

ఇక అసలు తమాషా. పెట్రోలు ధరలకి భయపడి జీపులకి డీజిల్ ఇంజన్లు ఎక్కించిన రోజుల్లో, చోక్ అవసరం పోయింది. కానీ పాత డీజిల్ ఇంజను చెవి తిప్పితే ఆగదు. పంపుకి డీజిలు ఆపే తీగని లాగాలి. దానికి మేస్త్రులు ఏం చేశారు? కొత్తగా కన్నం ఎందుకని చోక్ ఉన్న కన్నంలోనే ఆ తీగ దూర్చారు. దాంతో అదే చోట, అదే ఆకారంలో ఉన్న నాబ్, ఒక జీపులో ఇంజను మొదలుపెట్టడానికి, ఇంకో జీపులో ఆపడానికి. ఎరుగనివాడు ఘాట్ రోడ్డు మధ్యలో లాగాడంటే అంతే సంగతులు.

తీగా? గొట్టమా?

అసలు ఏ మీట ఏమిటో ఎలా కనుక్కోవాలి? పెద్దాయన చెప్పిన పద్ధతికి పుస్తకం అక్కర్లేదు. ముందు బ్యాటరీ తీగ పీకేయ్. తర్వాత మీట మొహం చూడకు, వీపు చూడు. డ్యాష్‌బోర్డు కింద దూరి వెనక ఏముందో చేత్తో తడుము.

మందపాటి ఉక్కు తొడుగులో కదిలే తీగ ఉంటే అది మనిషి బలంతో పనిచేసేది. దాని వెంట పోతే కార్బొరేటర్ దగ్గరికో, పంపు దగ్గరికో తేలతావు. ఒకరు మీట లాగుతుంటే ఇంకొకరు బానెట్ కింద ఏది కదులుతోందో చూడాలి. కరెంటు తీగలుంటే టెస్టు లైటు పట్టుకుని వెతకాలి. సన్నటి గొట్టం ఉంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని ఆలోచించాలి.

ఈ మూడోదాన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గర పాత జీపొకటి ఉండేది. దాని వేడి చూపే మీటరు వెనక రాగి రంగులో సన్నటి తీగ వేలాడుతుంటే, ఏ హారన్ తీగో తెగి ఉందని కటింగ్ ప్లేయర్‌తో నేనే కత్తిరించాను. సన్నగా ఒక నిట్టూర్పు, ముక్కుకి ఆసుపత్రి వాసన. అది తీగ కాదు, గొట్టం. అందులో ఈథర్ ఉంటుంది. ఇంజను నీళ్లు కాగితే ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి మీటరు ముల్లుని తోస్తుంది. ఒకసారి తెగితే అతుకు పడదు. ఆ రోజు నుంచి బండి అమ్మేదాకా ఇంజను వేడెక్కిందో లేదో రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఆయిల్ మీటరు వెనక గొట్టం కూడా అలాంటిదే. ఇంజను నడుస్తుండగా దాన్ని విప్పితే ఒంటినిండా వేడి ఆయిలు.

> తీగ రంగు చెప్పే జాతకం
>
> పాత బ్రిటిష్ బండ్ల తీగలకి రంగుల భాష ఉంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు, ఇగ్నిషన్ మీట తిప్పాక వచ్చేది. ఆకుపచ్చ, ఆ తెలుపే ఫీజు దాటి వచ్చాక. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు సైడు లైట్లకి. నలుపు ఎర్త్. 1967కి ముందటి ల్యాండ్ రోవర్లలో ఎర్త్‌కి తగిలించేది బ్యాటరీ ప్లస్ కొస. ఇది తెలియక కొత్త రేడియో పెట్టి కాల్చుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అయితే మన దేశంలో ఈ భాష ఎక్కువ కాలం బతకలేదు. మూడు షెడ్లు తిరిగిన బండిలో అన్ని తీగలూ ఒకే రంగు, ఆ రోజు కొట్లో ఏది దొరికితే అది.

కొండ మీద ఇంకో భాష

డార్జిలింగ్ జిల్లాలో మానేభంజన్ అనే ఊరుంది. అక్కడి నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకి ఏడు దశాబ్దాలుగా పాత ల్యాండ్ రోవర్లు ఎక్కుతున్నాయి. తేయాకు తోటల తెల్లదొరలు వదిలేసి పోయిన బండ్లు. ల్యాండ్ రోవర్ కూడా జీపుని చూసి పుట్టిందే. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో మొదటిసారి కనిపించింది. దాని మీటలకి అక్షరాల బదులు రంగులున్నాయి. పసుపు గుండు రాడ్డుని కిందికి నొక్కితే నాలుగు చక్రాలు, ఎర్ర గుండు రాడ్డుని లాగితే లాగుడు గేరు. చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. మొదటి రెండేళ్ల బండ్లలో నేల మీద ఒక ఇనప ఉంగరం ఉండేది. లాగితే ముందు చక్రాలు బిగుసుకుంటాయి. దాన్ని చూసి ఏదో గొలుసు కట్టుకునే కొక్కెం అనుకునేవారు ఎక్కువ.

డ్యాష్‌బోర్డు మీద ఎరుపు ఒకటి, నలుపు ఒకటి చొప్పున రెండు కన్నాలు కూడా చాలా ల్యాండ్ రోవర్లలో కనిపిస్తాయి. ఫ్యూజు కాదు, స్పీకరు కాదు. చేతి దీపం తగిలించుకునే ప్లగ్గు. ఫోను ఛార్జింగ్ కన్నానికి ముత్తాత అనుకోవచ్చు.

మన జబల్పూరులో 1969 నుంచి చేసిన జోంగా గురించి కూడా చెప్పాలి. నిస్సాన్ పెట్రోల్ బండి ఆధారంగా సైన్యం కోసం చేసింది. క్రికెటర్ ధోనీ ఒకటి కొనుక్కున్నాక దాని రేటు, దాని గురించి అడిగేవాళ్లు, రెండూ పెరిగాయి.

యజమాని పెట్టుకున్న మీటలు

కంపెనీ పెట్టినవన్నీ తేలాక కూడా మన జీపులో నాలుగు స్విచ్‌లు మిగిలాయి. ఇవే అసలు చరిత్ర అని నాకనిపిస్తుంది. ఇంట్లో బల్బు స్విచ్‌లాంటి నల్ల బేకలైట్ స్విచ్ ఒకటి, దాని తీగ బాడీ మీద ఒక కన్నం దగ్గర తెగిపోయింది. అక్కడ మైకు హారన్ బిగించిన గుర్తు. తాతగారు ఒకసారి సమితి ఎన్నికల్లో తిరిగారట. రెండోది పసుపు దీపానికి. మూడోది సీటు కింద, చేతికి తప్ప కంటికి అందని చోట. తాళంచెవి లేని బండికి తాతగారు పెట్టుకున్న దొంగ స్విచ్. అది వేయనిదే ఇంజనుకి కరెంటు రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయారు. పదిహేనేళ్లు బండి చావిట్లో కదలకుండా ఉండిపోవడానికి, అందరూ అనుకున్నట్టు ఇంజను పాడవడం కారణం కాకపోవచ్చు. కుర్రాడు ఆ స్విచ్‌ని చాలాసేపు అటూ ఇటూ వేస్తూ ఉండిపోయాడు.

నాలుగోదాని వెనక తీగే లేదు. ఎప్పుడో ఎవరో కన్నం కనపడకుండా మూయడానికి పెట్టారు.

అమెరికాలో 1968 నుంచి అమల్లోకి వచ్చిన భద్రతా నియమాలు డ్యాష్‌బోర్డు మీది ప్రతి ముఖ్యమైన మీటకీ పేరో గుర్తో ఉండాలన్నాయి. ఆ తర్వాత బొమ్మ గుర్తులకి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇవాళ ఏ దేశం కారెక్కినా అవే బొమ్మలు. అంతకుముందు మాత్రం బండి నేర్పేది మనిషే. మన దగ్గరైతే క్లీనర్‌గా చేరి, టైర్లు కడిగి, టీలు తెచ్చి, రెండేళ్లు పక్కసీట్లో కూర్చుని డ్రైవరు చెయ్యి ఎటు పోతోందో చూస్తూ నేర్చుకున్న విద్య. అందులో రాసుకునేదేమీ లేదు. పాడేరు ఘాట్‌లో వానలో ఎక్కేటప్పుడు వైపరు నత్తనడక నడుస్తుందని, ఒక్క క్షణం ఎక్సలేటర్ మీంచి కాలు ఎత్తితే రెండుసార్లు జోరుగా కొట్టి అద్దం తుడుస్తుందని ఏ పుస్తకంలోనూ వెతకాల్సిన పనిలేదు. పాత జీపు వైపరు ఇంజను గాలి పీల్పుతో నడుస్తుందన్న సంగతి తెలియకుండానే అలా కాలెత్తిన డ్రైవర్లు వందలమంది.

జీపు మీద అమెరికా సైన్యం 1944లో అచ్చేసిన మాన్యువల్ ఇప్పుడు అందరికీ దొరుకుతుంది. కుర్రాడి ఫోనులో ఉంది కూడా. అందులో లైటు స్విచ్ పక్కన బుడిపె బొమ్మ స్పష్టంగా ఉంది. ఆ పేజీ తాను మూడుసార్లు చూశానని, బొమ్మలో బుడిపె మీద చూపు ఆగలేదని ఒప్పుకున్నాడు.

ఒకటి, రెండు, నాలుగు

చీకటి పడింది. బండిది ఆరు వోల్టుల కరెంటు. మేస్త్రి పక్క షెడ్డులో పాత రాజ్‌దూత్ బ్యాటరీ ఒకటి అరువు తెచ్చి తగిలించాడు. వెనక దీపంలో బల్బు మార్చాడు, హోల్డరు గీకాడు. పెద్దాయన నాబ్‌ని మొదటి మెట్టు లాగారు.

వెలిగిందో లేదో తెలియలేదు. వంగి చూస్తే ఉన్నాయి. ఎర్రటి గింజలు నాలుగు.

"ఇప్పుడు వెనక్కి నడవండి" అన్నారాయన.

షెడ్డు బయట వీధి దీపం లేదు. కుర్రాడు, నేను, క్లీనర్ పిల్లలిద్దరూ జీపు వైపే చూస్తూ వెనక్కి అడుగులేశాం. టీకొట్టు దాటాం. "ఇంకా నాలుగే సార్" అన్నాడు ఒక పిల్లాడు. స్క్రాపు కుప్ప దాటాక "రెండయ్యాయి!" అని అరిచాడు. లేత్ షెడ్డువాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారు. వీధి మలుపు దగ్గర లారీ ఒకటి ఆగి ఉంది. దాని బంపరుకి వీపు తగిలి ఆగాం.

అక్కడి నుంచి ఒకటే చుక్క.

"సరిపోయిందా?" అని దూరం నుంచి పెద్దాయన గొంతు.

"సరిపోయింది తాతగారూ" అన్నాడు కుర్రాడు. తర్వాత గుర్తొచ్చి, "వెనకబడ్డాం. దగ్గరికి వస్తున్నాం" అని కేకేసి నడక మొదలుపెట్టాడు.